నమూనా రైలుకు పట్టా ఎక్కడిది: తొప్పూరు మార్గం మీద ఒక సంవాదం

వాది: తమిళనాడులో సేలం–బెంగళూరు రైలుదారి మీది తొప్పూరు–శివాడి కనుమ మార్గాన్ని 1:87 నిష్పత్తిలో, అంటే అసలును 87వ వంతుకు కుదించే హెచ్‌ఓ ప్రమాణంలో, బల్లమీద నిర్మించదలచినవారికి ముందుగా అడ్డుపడేది కొండ కాదు, ఇంజను కాదు, పట్టా. దుకాణాల్లో దొరికే హెచ్‌ఓ సిద్ధమార్గంలో రెండు పట్టాల నడుమ దూరం 16.5 మి.మీ.; దానిని 87తో హెచ్చిస్తే యూరప్, అమెరికాల ప్రామాణిక గేజి అయిన 1,435 మి.మీ. వస్తుంది. భారతీయ బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. కనుక తొప్పూరు నమూనాలో పట్టాల నడుమ 19.26 మి.మీ. ఉండాలి, ఆ వెడల్పు పెద్ద కంపెనీల పెట్టెల్లో రాదు. అందుచేత ఇక్కడ మార్గాన్ని చేత్తో కట్టుకోవడం కలవారి సరదాగా కాక గత్యంతరం లేని పనిగా ఉంది. రాగిపూత ఉన్న సర్క్యూట్ బోర్డును సన్నని పుల్లలుగా కోసి స్లీపర్లు చేసుకోవచ్చు; కంకర కోసం ధర్మపురి జిల్లా క్వారీల రాతిపొడినే జల్లెడ పట్టి చల్లుకోవచ్చు; పట్టాను స్లీపరుకు బిగించే చెయిర్లను ప్లాస్టిక్‌లో ముద్రించుకోవచ్చు. చేతికి లొంగనిది పట్టా ఒక్కటే, ఎందుకంటే తల, నడుము, పాదం అనే మూడు భాగాలు గల అడ్డుకోతను రెండు మి.మీ. ఎత్తులోపల, మీటరు పొడవునా తేడా రాకుండా లాగగలిగినవారు ప్రపంచం మొత్తంమీద కొద్దిమందే. వారి దగ్గర నుంచి తెప్పించుకోవడమే న్యాయమైన మార్గం.

ప్రతివాది: గేజి విషయంలో అభ్యంతరం లేదు, చేత్తో కట్టాలన్న విషయంలోనూ లేదు. అయితే స్లీపరు, కంకర, చెయిరు అన్నీ ఇక్కడివే కావచ్చునని ఒప్పుకున్న వాదిగారు పట్టా దగ్గరికి వచ్చేసరికి సముద్రం దాటాలంటున్నారు. ఆ పట్టాకు అంత సూక్ష్మత ఎందుకు కావాలో ముందు నిరూపించాలి. చూపరి బల్లకు మూరెడు దూరాన నిలబడతాడు. అతని కంటికి మి.మీ.లో పదోవంతు తేడా ఆనుతుందా అన్నది తేలకుండా, ఆ తేడా కోసం నెలలు నిరీక్షించమనడం తగదు.

వాది: పట్టా ఎత్తును అంగుళంలో వెయ్యోవంతులలో చెప్పడం ఈ రంగపు వాడుక, దానినే కోడ్ అంటారు. కోడ్ 100 అంటే 0.100 అంగుళం, 2.54 మి.మీ.; కోడ్ 83 అంటే 2.11, కోడ్ 75 అంటే 1.91, కోడ్ 70 అంటే 1.78, కోడ్ 55 అంటే 1.4, కోడ్ 40 అంటే 1.02. ఇక అసలు పట్టాల సంగతి. మీటరుకు 60 కిలోలు తూగే నేటి ప్రధాన మార్గపు పట్టా ఎత్తు 172 మి.మీ., దానిని 87తో భాగిస్తే 1.98. అంతకుముందు తరపు 52 కిలోల పట్టా 156 మి.మీ., అది 1.79 అవుతుంది. గజానికి 90 పౌండ్లు తూగే పాత పట్టా సుమారు 143 మి.మీ., అది 1.64. మీటర్‌గేజి రోజుల 60 పౌండ్ల పట్టా 114 మి.మీ., అది 1.31. ఇప్పుడు ఎక్కడైనా తేలిగ్గా దొరికే కోడ్ 100ను తిరిగి 87తో హెచ్చిస్తే 221 మి.మీ. వస్తుంది. అంత ఎత్తు పట్టా తొప్పూరులోనే కాదు, భారతదేశంలో ఏ మార్గంలోనూ లేదు. ఈ తేడా పదోవంతు కాదు, అర మి.మీ. పైమాటే, పావువంతుకు మించిన ఎక్కువ.

ప్రతివాది: కోడ్ 100ను సమర్థించే ఉద్దేశం ఈ పక్షానికి లేదు. అది పిల్లల బొమ్మబళ్ల లోతైన చక్రపు అంచుల కోసం పుట్టిన ఎత్తు, దానిని వదిలివేయడమే మంచిది. కాని ఆ అంకెలనే మరొకసారి చూస్తే, 60 కిలోల పట్టాకు కోడ్ 75 వాడితే తేడా 0.07 మి.మీ., కోడ్ 83 వాడితే 0.13. వెంట్రుక మందమంత తేడా కోసం ఒక కోడ్‌ను ఒప్పుకొని ఇంకొకదానిని తోసిపుచ్చడం కొలత మీద భక్తే గాని, నమూనా మీద భక్తి కాదు. పైగా ఆ కోడ్‌లలో ఏదీ భారతీయ పట్టా కోసం పుట్టినది కాదు. కోడ్ 83 అమెరికా ప్రధాన మార్గాల భారీ పట్టాను దృష్టిలో పెట్టుకొన్నది. కోడ్ 75లో దొరికే బుల్‌హెడ్, అంటే పాదం కూడా తలలాగే గుండ్రంగా ఉండి ఇనుప చెయిర్లలో కొయ్యమేకులతో బిగిసే పట్టా, బ్రిటన్ మార్గాలకు 1:76 నిష్పత్తిలో సరిపోయేది. దిగుమతి చేసుకొన్నంత మాత్రాన తొప్పూరు పట్టా రాదు, తొప్పూరు పట్టాకు దగ్గర బంధువు వస్తుంది.

వాది: దగ్గర బంధువు అన్న మాట 52 కిలోల పట్టాకు వర్తించదు. కోడ్ 70 ఎత్తు 1.78, కావలసినది 1.79, అమెరికా వారు తమ తేలికపాటి మార్గాల కోసం తీసిన పట్టా భారతీయ రైల్వేల 52 కిలోల పట్టాకు అచ్చంగా కొలిచి తీసినట్టు కుదిరింది. ఇక ఎత్తు ఒక్కటే చూసి తీర్పు చెప్పడం సరికాదు. 60 కిలోల పట్టా తల వెడల్పు సుమారు 74 మి.మీ., పాదం వెడల్పు 150. ఆ లెక్కన నమూనాలో తల 0.85, పాదం 1.72 ఉండాలి. ఎత్తైన పట్టాను ఆకురాయితో రాచి ఎత్తు తగ్గించవచ్చు గాని తల వెడల్పు అలాగే మిగులుతుంది. పైనుంచి చూసినప్పుడు మెరిసేది తల ఒక్కటే. ఆ మెరుపు గీత లావైతే బండి కూడా బొమ్మలా కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే తల కింద నడుము మీద పడే సన్నని నీడ పట్టాకు ఉక్కు బరువును తెచ్చిపెడుతుంది, నడుము లావైతే ఆ నీడ పడదు. మూరెడు దూరాన నిలబడిన చూపరికి మి.మీ.లో పదోవంతు కనిపించకపోవచ్చు, కాని ఫొటో తీసినవాడికి, కన్ను పట్టా మట్టానికి వంచి కనుమ మలుపు వెంట చూసేవాడికి మొదట కనిపించేది ఆ నీడే.

ప్రతివాది: నీడ గురించి చెప్పినది కాదనలేనిది. పట్టాను తుప్పురంగు వేసి, తల మీద మాత్రం రంగు తుడిచివేస్తే లావుపాటి నడుము కొంత కప్పబడుతుందిగాని పూర్తిగా మాయం కాదు, అంతవరకు ఒప్పుకోవలసిందే. అయితే తొప్పూరును తొప్పూరుగా గుర్తుపట్టించేది పట్టా కాదు. 2021 నవంబరు 12 తెల్లవారుజామున ఈ తొప్పూరు–శివాడి నడుమనే కొండరాళ్లు పట్టాల మీదికి దొర్లిపడి కన్నూరు–యశ్వంతపూర్ ఎక్స్‌ప్రెస్ పెట్టెలు కొన్ని పట్టాలు తప్పాయి, ప్రాణనష్టం మాత్రం జరగలేదు. ఆ మార్గపు స్వరూపం రాతికోతలో, వాలులో, ఎండకు మాడిన తుప్పల్లో ఉంది. డబ్బు, ఓపిక రెండూ పరిమితమైనవారు పట్టా మీద పెట్టే ఖర్చును రాతికోత మీద పెడితే చూపరి గుర్తుపట్టేది ఎక్కువగా ఉంటుందన్నది ఈ పక్షపు మాట.

వాది: కొండను చూసి తొప్పూరని గుర్తుపట్టినవాడు పట్టాను చూసి ఇది ఏ కాలపు తొప్పూరో గుర్తుపట్టాలి. సేలం–బెంగళూరు మార్గం 1960ల చివర మీటర్‌గేజిగా వచ్చింది, 1990లలో బ్రాడ్‌గేజిగా మారింది. అదే కొండ, అదే వంపు; కాలాన్ని చెప్పేది గేజి, పట్టా బరువు, స్లీపరు మాత్రమే. మీటర్‌గేజి కాలాన్ని ఎంచుకొన్నవారికి 1.31 మి.మీ. ఎత్తు కావాలి, దానికి దగ్గరిది కోడ్ 55. ఇంకా వెనక్కి పోయి ఇదే జిల్లాలో 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి వేసిన, తరువాత హోసూరుదాకా పొడిగించిన రెండున్నర అడుగుల చిన్నగేజి మార్గాన్ని ఎంచుకొంటే గేజి 8.76 మి.మీ.కి పడిపోతుంది, కోడ్ 40 తప్ప మరేదీ కంటికి ఆనదు. ఆ మార్గాన్ని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో 1941లో మూసి పట్టాలు పెరికివేశారు కనుక, ఇప్పుడు వెళ్లి చూసి కొలుచుకొనేందుకు కూడా ఏమీ మిగలలేదు. అలాంటి చోట నమూనాయే ఆధారపత్రం అవుతుంది, ఆధారపత్రంలో ఉజ్జాయింపు పనికిరాదు.

ప్రతివాది: కొలుచుకొనేందుకు ఏమీ మిగలనప్పుడు కోడ్ 40 సరైనదని చెప్పడానికి మాత్రం ఏ ఆధారం మిగిలింది?

వాది: చిన్నగేజి మార్గాలకు గజానికి 30 పౌండ్ల పరిసరాల తేలికపట్టా వేయడం ఆనాటి పద్ధతి, అలాంటి పట్టా ఎత్తు 80 మి.మీ. దరిదాపుల్లో ఉండేది, దానిని కుదిస్తే ఒక మి.మీ.కి లోపలే వస్తుంది. ఇది అనుమానప్రమాణమే, ప్రత్యక్షం కాదు. కాని అనుమానానికి కూడా హద్దు ఉంటుంది, కోడ్ 75 ఆ హద్దుకు చాలా దూరం. మరొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1906లో మొరప్పూరు దగ్గర పరచిన పట్టాలు ఈ దేశంలో తయారైనవి కాజాలవు, ఎందుకంటే జంషెడ్‌పూర్‌లో టాటా కర్మాగారం తొలి ఉక్కు పోసినది 1912లో. అంతవరకు భారతీయ మార్గాలకు పట్టాలు ప్రధానంగా బ్రిటన్ నుంచి ఓడల్లో వచ్చేవి. అసలు పట్టాకే లేని స్వదేశీ పట్టింపు దాని 87వ వంతుకు ఎందుకు? కందకు లేని దురద కత్తికెందుకని ఊరికే అనలేదు.

ప్రతివాది: సామెత బాగుంది, చరిత్ర సగమే ఉంది. 1912లో టాటా వచ్చింది, 1960లో భిలాయిలో పట్టాల మిల్లు వచ్చింది, ఆ తరువాత మీటర్‌గేజి తొప్పూరు వచ్చింది. దేశం తన పట్టాను తానే తీయడం నేర్చుకొన్న తరువాతనే ఈ కనుమలోకి రైలు అడుగుపెట్టింది. కనుక తొప్పూరును చూపి దిగుమతిని సమర్థించడం కుదరదు. మొరప్పూరును చూపి మాత్రమే కుదురుతుంది.

ఇక దిగుమతి ఎంత సులభమో కూడా చూడాలి. కుదించిన నమూనాలను, విద్యుత్తు రైలుబళ్లను వాటి పట్టాలతో సహా సుంకాల పట్టికలో 9503 అనే బొమ్మల శీర్షిక కింద పెట్టారు. ఆ శీర్షిక మీద మూల సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు తప్పనిసరి అయింది. విదేశంలోని బంధువు కానుకగా పంపినట్టు చూపి సుంకం తప్పించుకొనే దారిని కూడా 2019 డిసెంబరులో మూసివేశారు. రాఖీలకు, ప్రాణరక్షక మందులకు మాత్రమే ఆ మినహాయింపు నిలిచింది. ఆపైన మీటరు పొడవు, రెండు మి.మీ. ఎత్తు ఉండే కడ్డీలు. గట్టి గొట్టంలో పెట్టి పంపకపోతే దారిలో ఏ మూటల కిందో పడి వంగుతాయి, అలా వంగిన పట్టాను చేత్తో నిటారు చేసినా తల మీద అల మిగిలిపోతుంది. సుంకం కట్టి మరీ తెప్పించుకొన్నది వంకర కడ్డీ అయితే ఫిర్యాదు వినేవాడు అయిదువేల మైళ్ల అవతల ఉంటాడు.

వాది: బొమ్మల శీర్షిక పెట్టెలోని రైలుకు, దాని సిద్ధమార్గానికి వర్తిస్తుందన్నది నిజం. విడి పట్టా బొమ్మ కాదు, చక్రాలు లేవు, స్లీపర్లు లేవు, విద్యుత్తు లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమంతో ఒక ఆకారానికి లాగిన కడ్డీ, అలాంటి రాగి మిశ్రమాల కడ్డీలకు 7407 అనే శీర్షిక వేరే ఉంది. పంపేవారు కాగితం మీద వస్తువును ఉన్నదున్నట్టు రాస్తే, తెప్పించుకొనేవారు అదే మాట మీద నిలబడితే, వాదించడానికి చోటు ఉంది. పొడవు సంగతికి వస్తే, అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడిన తెలుగువారు ఏటా ఇంటికి వస్తూనే ఉన్నారు. మూడడుగుల కడ్డీ సూట్‌కేసులో పట్టకపోతే సగానికి కోయించి తేవచ్చు, తెచ్చినదాన్ని విమానాశ్రయంలో అడిగితే దాచకుండా చెప్పవచ్చు.

ప్రతివాది: ఏ శీర్షిక కిందికి వస్తుందో నిర్ణయించేది తెప్పించుకొనేవారు కాదు, అధికారి, ఆయన బల్లమీద ఆ పూట ఉన్నది నమూనా రైళ్ల దుకాణం ముద్ర వేసిన గొట్టం. అయినా వాదనకోసం అది కడ్డీయే అనుకొందాం. వాదిగారు ఇప్పుడే కడ్డీని సగానికి కోయవచ్చునన్నారు, ఆ మాటను గట్టిగా పట్టుకోవాలి. బ్రాడ్‌గేజి పట్టా కర్మాగారంలో మామూలుగా 13 మీటర్ల ముక్కగా వచ్చేది, అది నమూనాలో 149 మి.మీ. మీటర్‌గేజి పట్టా 12 మీటర్లు, అది 138 మి.మీ. పట్టాలను వరసగా అతికి కిలోమీటర్ల పొడవు చేయకముందు ప్రతి ముక్క చివరా రెండు వైపులా ఫిష్‌ప్లేట్ అనే ఇనుప పలకలు వేసి బోల్టులతో బిగించేవారు, రైలు చప్పుడంతా ఆ అతుకుల మీదే పుట్టేది. అలాంటప్పుడు మీటర్‌గేజి తొప్పూరు కట్టేవారికి మీటరు పొడవు కడ్డీ అసలు అవసరమే లేదు. జానెడు ముక్క చాలు, పైగా జానెడు ముక్కే సత్యం.

జానెడు ముక్క చాలినప్పుడు పట్టాను ఇక్కడే లాగవచ్చు. బంగారుపని చేసే కంసాలి దగ్గర కమ్మచ్చు ఉంటుంది: వరసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కుపలక. తీగ కొసను ఆకురాయితో సన్నబరచి, ఒక రంధ్రంలో దూర్చి, అవతల పటకారుతో పట్టి లాగి, గట్టిపడిన తీగను కాల్చి మెత్తబరచి, తరువాతి రంధ్రంలోకి పంపుతాడు. గుండ్రని రంధ్రానికి బదులు పట్టా ఆకారపు రంధ్రం ఉంటే వచ్చేది పట్టాయే. అలాంటి రంధ్రాన్ని సన్నని తీగతో విద్యుత్తు మెరుపుల ద్వారా గట్టి ఉక్కులో కోయగల టూల్‌రూములు హైదరాబాదు బాలానగర్‌లో ఉన్నాయి, తొప్పూరుకు ఉత్తరాన గడియారాల కర్మాగారం ఉన్న హోసూరులోనూ ఉన్నాయి. ముడిసరుకు కూడా దూరాన లేదు. నమూనా పట్టాల నికెల్ సిల్వర్ మన దుకాణాల్లో జర్మన్ సిల్వర్ అనే పేరుతో తెలిసిన లోహపు కుటుంబమే, అందులో వెండి రవ్వంత కూడా లేదు.

వాది: కమ్మచ్చు ఆలోచన తేలికగా కొట్టివేయదగినది కాదు, అయితే గుండ్రని తీగకు చెల్లే న్యాయం పట్టాకు చెల్లదు. గుండ్రని తీగ ఏ పక్కనుంచి చూసినా ఒక్కటే కనుక రంధ్రం నుంచి తిన్నగా వస్తుంది. పట్టాకు కుడిఎడమలు సమానమైనా పైకిందులు సమానం కావు; పాదం వెడల్పుగా, పలుచగా ఉంటుంది, తల ఇరుకుగా, మందంగా ఉంటుంది, నడుము రెండింటికన్నా సన్నం. ఒకే రంధ్రంలో ఈ మూడూ మూడు రకాలుగా సాగుతాయి, ఎక్కువ సాగిన వైపు పొడవు పెరిగి కడ్డీ విల్లులా వంగి బయటికి వస్తుంది. దానిని సరిచేయాలంటే గుండ్రని తీగను ముందు రోలర్ల మధ్య నలిపి, పట్టా ఆకారానికి క్రమంగా దగ్గర చేసి, చివరి రెండు మూడు రంధ్రాలలో మాత్రమే ముగింపు తేవాలి. అంటే కావలసినది ఒక కమ్మచ్చు కాదు, ఒక వరస పనిముట్లు. ఆపైన పరిమాణం. ఈ కొలతల పట్టా మీటరుకు ఉజ్జాయింపుగా పది గ్రాములు తూగుతుంది. పక్కదారితో సహా 20 మీటర్ల నమూనా మార్గానికి 40 మీటర్ల పట్టా, అంటే 400 గ్రాముల లోహం చాలు. తీగలు లాగే మిల్లు తన పనిముట్లను మార్చి నిలబెట్టడానికి క్వింటాలు అడిగిందనుకొంటే ఆ క్వింటాలులో పది కిలోమీటర్ల పట్టా వస్తుంది, అయిదు కిలోమీటర్ల మార్గం పడుతుంది, 87తో హెచ్చిస్తే బెంగళూరు నుంచి చెన్నైదాకా ఒంటిదారి వేసినా ఇంకా మిగులుతుంది. అంతమంది కట్టేవారు దక్షిణ భారతంలో ఎక్కడున్నారు?

ప్రతివాది: ఆ లెక్క మిల్లుకు చెల్లుతుంది, కంసాలికి చెల్లదు. 400 గ్రాములే కావాలన్నది మిల్లుకు అడ్డంకి, కంసాలికి అదే అనుకూలం. విల్లులా వంగుతుందన్నది మాత్రం నిజమైన చిక్కు. జానెడు ముక్కలను రెండు గట్టి పలకల నడుమ బిగించి సాగదీసి సరిచేయవచ్చు, అయినా ప్రతి ముక్కా ఒకే ఎత్తు వస్తుందని హామీ ఇవ్వలేము. పక్కపక్క ముక్కల మధ్య మి.మీ.లో ఇరవయ్యోవంతు మెట్టు వచ్చినా అతుకు మీద చక్రం తడబడుతుంది. మరో చిక్కు విద్యుత్తుది. నమూనా ఇంజను తన కరెంటును పట్టాల నుంచే తీసుకొంటుంది. ముక్కలెక్కువైతే ప్రతి ముక్కకూ కింద నుంచి ఒక తీగ టంకం పెట్టాలి. ఒప్పుకొంటాం, పని నాలుగింతలు అవుతుంది.

వాది: ఆ తీగల విషయంలో ప్రతివాది తమకు తామే అన్యాయం చేసుకొంటున్నారు. దిగుమతి పట్టాకూ ఆ పని తప్పదు, ఎందుకంటే నికెల్ సిల్వర్ మంచి వాహకం కాదు. శుద్ధ రాగి వాహకతను నూరు అనుకొంటే, 18 శాతం నికెల్ ఉన్న రకం ఆరు పాళ్లు మాత్రమే, మామూలు ఇత్తడి ఇరవై ఎనిమిది పాళ్లు. ఇత్తడిని వదిలి నికెల్ సిల్వర్‌ను ఎంచుకోవడానికి కారణం వాహకత కాదు, రంగు ఉక్కుకు దగ్గరగా ఉండడం, పైన పట్టే మకిలి ఇత్తడి మీద కన్నా నెమ్మదిగా పట్టడం. ఉక్కుపట్టా అన్నిటికన్నా అందమైనది, చక్రాలు తిరిగినకొద్దీ అసలు పట్టాలాగే మెరుస్తుంది, కాని వానాకాలంలో రెండు వారాలు నడపకపోతే తుప్పు పడుతుంది. తొప్పూరుకు దగ్గరలోనే సేలం స్టెయిన్‌లెస్ కర్మాగారం ఉందిగదా అని ఎవరైనా అంటారేమో, స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు గాని మామూలు టంకానికి అంటుకోదు. సర్క్యూట్ బోర్డు స్లీపరు మీద పట్టాను నిలబెట్టేది టంకమే.

ప్రతివాది: మూడో దారి ఒకటి ఉంది, దాన్ని ఇద్దరమూ దాటవేస్తున్నాం. నగరాల్లోని నమూనా రైళ్ల దుకాణాల్లో సిద్ధమార్గం అప్పుడప్పుడు దొరుకుతుంది. కోడ్ 75 సిద్ధమార్గం ఒక్కొక్కటి 914 మి.మీ. పొడవు, ప్లాస్టిక్ స్లీపర్ల నుంచి పట్టాలను మెల్లగా జారిస్తే రెండు నిటారైన కడ్డీలు చేతికి వస్తాయి. అప్పటికే దేశంలోకి వచ్చి, సుంకం కట్టి, బీరువాలో ఉన్న సరుకు అది. 60 కిలోల పట్టాకు 0.07 తేడా అన్నది ఇందాక తేలింది కనుక, నేటి తొప్పూరు ప్రధాన మార్గానికి ఇది చాలు.

వాది: నేటి ప్రధాన మార్గానికి చాలుననే అనవచ్చు, ధర విడి పట్టా కన్నా ఎక్కువైనా సరే. మీటర్‌గేజికి మాత్రం అదే ఉపాయం ఉచ్చు అవుతుంది. 1:160 బొమ్మబళ్ల కోసం పీకో అనే బ్రిటిష్ కంపెనీ కోడ్ 55 పేరుతో అమ్మే సిద్ధమార్గం అందరికీ తెలిసినదే, కోడ్ 55 కావలసినవారు తెలియక దానిని కొని స్లీపర్లు ఊడదీస్తారు. లోపల ఉన్నది కోడ్ 80 ఎత్తు పట్టా, దానికి ఒకదాని కింద ఒకటిగా రెండు పాదాలుంటాయి. కింది పాదం, దాని పైభాగం స్లీపరు ప్లాస్టిక్‌లో కూరుకొనిపోయి పైకి కోడ్ 55 అంత మాత్రమే కనిపిస్తుంది. మార్గంగా అది గట్టిదనం కోసం చేసిన తెలివైన పని, విడి పట్టాగా పనికిరాదు. కోడ్ 55 నిజంగా కావాలంటే అమెరికాలో మైక్రో ఇంజనీరింగ్ వంటి కంపెనీ తీసిన విడి కడ్డీకో, సభ్యుల కోసం సరుకు నిలవ ఉంచే 2ఎంఎం స్కేల్ అసోసియేషన్, స్కేల్‌ఫోర్ సొసైటీ వంటి బ్రిటిష్ సంఘాల పద్ధతికో పోవాలి. ఆ సంఘాలు నేర్పే పాఠం వేరే ఉంది: ఒక్కొక్కరు విడివిడిగా అడిగితే ఎవరూ పట్టా తీయరు, సభ్యత్వ రుసుము కట్టే వందలమంది కలిసి అడిగితే వారి కోసమే తీస్తారు.

ప్రతివాది: ఆ పాఠం ఈ పక్షానికే ఎక్కువగా పనికివస్తుంది. సంఘం పెట్టుకొంటే దిగుమతి మాత్రమే ఎందుకు, పట్టా ఆకారపు అచ్చు కూడా కోయించవచ్చు. భారతీయ 90 పౌండ్లకు ఒకటి, మీటర్‌గేజి 60 పౌండ్లకు ఒకటి. ప్రపంచంలో ఎవరూ తీయని ఆ రెండు ఆకారాలను తీయించడం కన్నా యథార్థత ఏముంది? కోడ్ 55 కూడా మీటర్‌గేజి పట్టాకు 0.08 మి.మీ. పైచిలుకు ఎక్కువే అన్నది మరవకూడదు. కొలతకు ప్రాణం పెట్టే వాదిగారే అచ్చుకు ముందు చందా ఇవ్వాలి.

వాది: అచ్చు కోయించే రోజు వస్తే చందా ఇవ్వడానికి అభ్యంతరం లేదు, కాని అది వచ్చేదాకా నమూనా ఆగకూడదు. ముఖ్యంగా పాయింట్లు ఆగవు. బండి ఒక దారి నుంచి మరో దారికి మళ్లే చోట కదిలే నాలుకపట్టాను కత్తివాదరలా సన్నగా రాచాలి, రెండు పట్టాలు ఒకదానినొకటి దాటే క్రాసింగ్ మొనను రెండు ముక్కలు కలిపి కోణానికి రాచి టంకం పెట్టాలి. భారతీయ మార్గాల్లో ప్రయాణికుల బళ్లు మళ్లే చోట మామూలుగా వాడే 12లో 1 పాయింట్లు సుమారు 40 మీటర్ల పొడవు, అంటే నమూనాలో 46 సెం.మీ.; క్రాసింగ్ దగ్గర చక్రం అంచు దూరే సందు అర మి.మీ. మాత్రమే. పట్టా నడుము ఒకచోట లావు, ఒకచోట సన్నం అయితే ఆకురాయి కోణం తప్పుతుంది, సందు తప్పుతుంది, బండి అక్కడే దిగిపోతుంది. కంసాలి పట్టా తిన్నని దారికి చాలవచ్చు, పాయింట్లకు చాలదు.

ప్రతివాది: అయితే పాయింట్లకు దిగుమతి పట్టా, తిన్నని దారికి ఇక్కడి పట్టా అని పంచుకోవచ్చు. అభ్యంతరం ఏమిటో?

వాది: రెండు లోహాలు పక్కపక్కన పడితే రంగు తేడా తెలుస్తుంది, రెండు ఎత్తులు కలిస్తే అతుకు దగ్గర పలక పెట్టి మట్టం సరిచేయాలి. అది నమూనా కాదు, అతుకులబొంత.

ప్రతివాది: అసలు రైల్వేయే అతుకులబొంత. ప్రధాన మార్గంలో బరువైన కొత్త పట్టా వేసినప్పుడు అక్కడినుంచి తీసిన పాత పట్టాను పారవేయరు, తనిఖీ చేసి లూప్ లైన్లకు, సైడింగులకు వాడతారు. 60 కిలోల పట్టా, 52 కిలోల పట్టా కలిసే చోట రెండు ఎత్తులను కలిపే ప్రత్యేకమైన అతుకు పెడతారు. స్టేషనులో ప్లాట్‌ఫారం చివర నిలబడి చూస్తే ప్రధాన దారి తల వెడల్పుగా, తళతళలాడుతూ, పక్కన లూప్ లైను తల కాస్త ఇరుకుగా, మకిలిగా ఉండడం కనిపిస్తుంది. రెండు రంగులు, రెండు ఎత్తులు లేని నమూనాయే నిజానికి తప్పు నమూనా.

వాది: సైడింగు వరకు, లూప్ లైను వరకు ఆ మాట నిలుస్తుంది, అక్కడ కంసాలి పట్టాను వేయడానికి ఈ పక్షం ఒప్పుకొంటుంది, మకిలి రంగు వేసే పని కూడా తగ్గుతుంది. తొప్పూరు నుంచి శివాడికి ఎక్కే ప్రధాన దారి మాత్రం వేరు. అక్కడ చూపరి కన్ను మలుపు వెంట పట్టా తలనే పట్టుకొని పోతుంది, ఆ గీత ఎక్కడ వణికినా కొండంతా వణికినట్టే.

ప్రతివాది: లూప్ లైనులో కంసాలి పట్టా వేసిన తరువాత, దాని మీద ఏడాది బళ్లు నడిపి, అతుకులు, ఎత్తులు కొలిచి చూస్తే ప్రధాన దారి సంగతి మళ్లీ మాట్లాడుకోవచ్చు. ఈలోగా గొట్టం తెప్పించుకోదలచినవారిని ఆపేవారు లేరు, కాగితం మీద 7407 అనే రాయించమనండి.